ఇన్నయ్య ఎడమకాలు

జీవరత్నం తెల్లారకముందే లేచి జొన్నన్నం వండేది. సగం కుండలో ఉంచి, సగం గుడ్డలో మూటగట్టుకునేది. మొగుడి వైపు చూసేది కాదు. చూస్తే తిట్టాల్సొస్తుంది, తిడితే పొద్దెక్కుతుంది. తట్ట నెత్తిన బోర్లించుకుని గూడెంలోవాళ్లతో కలిసి క్వారీ దారి పట్టేది.

ఆ దారిలో తిన్నగా నడిచేవాళ్లు తక్కువ. ఒకడికి మోకాలు వంగదు. ఒకామెకు చెయ్యి భుజం దాటి లేవదు. ఇంకొకడి మణికట్టు పక్కకు తిరిగిపోయి, అన్నం తిన్నా ఎవరికో పెడుతున్నట్టుండేది. రెంటచింతల దాటాక రోడ్డు పక్కనున్న ఆ ఊరిని బస్సులో పోయేవాళ్లు కుంటిగూడెం అనేవాళ్లు.

కృష్ణకు ఆనకట్ట కడుతున్న ఏళ్లవి. ఎక్కడ చూసినా కట్టుబడే, నాపరాయికి ఎక్కడలేని గిరాకీ. క్వారీ బసవపున్నయ్యది. గూడెంలో గుడిసెలున్న నేల కూడా ఆయనదే. ఎవరికి ఎముక విరిగినా ఆయన గురవయ్యను పిలిపించేవాడు. గురవయ్య కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టేవాడు. వాపు తగ్గకముందే మనిషి మళ్లీ రాయి మోసేవాడు. ఎముక తనకు తోచినట్టు అతుక్కునేది.

ఇన్నయ్య ఎడమకాలు కూడా అలాగే అతుక్కుంది. నాపబండ జారి పిక్క మీద పడింది, గురవయ్య కట్టాడు, కాలు వంకర తిరిగింది. అంతవరకూ అందరికీ జరిగిందే. కట్టు విప్పాక ఇన్నయ్య పనికి బయల్దేరితే, ఆ కాలు క్వారీ దారి మొదట్లోనే ఆగిపోయింది. చర్చికి పోతుంది. కొట్టుకు పోతుంది. వాగుకు పోయి నీళ్లు తెస్తుంది. క్వారీ వైపు తిరిగితే మాత్రం పాతిన గుంజలాగా నిలబడిపోతుంది.

గూడెంలో ఎవరూ వింతపడలేదు. గేదె పాలు ఎగ్గొట్టిందని చెప్పుకున్నట్టే, ఇన్నయ్య కాలు రానంటందని చెప్పుకున్నారు. ఇవాళైనా వస్తదా అని మేస్త్రీ పొద్దున్నే అడిగి పోయేవాడు. ఆదివారం పూజ అయ్యాక ఫాదరుగారు కూడా కాలు సంగతి కనుక్కునేవారు.

బసవపున్నయ్యా వింతపడలేదు, మండిపడ్డాడు. మనుషుల్ని పంపి ఇన్నయ్యను మంచంతో సహా మోయించి క్వారీ గుంటలో దింపించాడు. దింపిన మరుక్షణమే ఎడమకాలు లేచింది. ఇన్నయ్య రెండో కాలితో కుంటుకుంటూ దాని వెంట పడ్డాడు. పనివాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. మొగుడు రాకపోతే పెళ్లాం రావాలని, లేదంటే గుడిసె పీకిస్తానని బసవపున్నయ్య కబురు పెట్టాడు. అప్పట్నుంచీ జీవరత్నం పోతోంది.

అప్పట్నుంచే ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది. అనాల్సిందంతా కాలితోనే అనేది. సాయంత్రం మెడ పట్టేసి, ఒళ్లంతా రాతిపొడితో ఇంటికొచ్చి, గడపలో కూలబడి దాని వైపు చూసేది.

"నీకు రోషముందిలే. మొయ్యటానికి నా మెడ ఉందిగా."

ఇన్నయ్య నీళ్లు తెచ్చేవాడు, పుల్లలు ఏరేవాడు, కారం నూరేవాడు. ఆమె దేనికో ఒకదానికి వంక పెట్టేది. ఒకసారి ఉక్రోషం పట్టలేక రోకలి తీసుకుని తన కాలిని తనే బాదుకున్నాడు. నొప్పి అతనికే మిగిలింది. కాలు మారలేదు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, జీవరత్నం ఇంకొకామెతో కలిసి బండ మోసుకుంటూ చెక్క మీదుగా లారీ ఎక్కుతోంది. చెక్క జారింది. బండ పడింది. దాని కింద ఆమె కుడిచెయ్యి పడింది. బండ లేపి చూస్తే మోచేతికీ మణికట్టుకూ మధ్య చెయ్యి మడతబడి ఉంది.

గురవయ్య వెదురుబద్దలతో వచ్చాడు. జీవరత్నం బాధతో నేలకు అంటుకుపోయి ఉంది. అయినా తల ఎత్తింది.

"నన్ను ముట్టుకుంటే కొరుకుతా. నీ కట్టు ఏందో రోజూ మా ఇంట్లో చూస్తన్నా."

లారీ మాచర్ల స్టేషనుకే పోతుంది కాబట్టి, అక్కడ ఆసుపత్రి దగ్గర దింపమని అడిగింది. స్టేషనులో వ్యాగను కాచుకుని ఉందనీ, దారిలో ఆగడం కుదరదనీ బసవపున్నయ్య అన్నాడు. విరిగింది చెయ్యేగాని ప్రాణం కాదుగా అన్నాడు. ముందు సీట్లో చోటుందని డ్రైవరు నూర్ మొహమ్మద్ నసిగాడు. నీ పని నువ్వు చూసుకోమని ఆయన కసిరాడు. ఆమెను రాళ్లగుట్ట నీడలో కూర్చోబెట్టి, మిగతావాళ్లను లోడు ఎత్తమన్నారు. ఎత్తారు.

ఆ వేళకు ఇన్నయ్య గుడిసె ముందు జొన్నల్లో రాళ్లేరుతున్నాడు. ఉన్నట్టుండి ఎడమకాలు లేచింది. చేట ఒలికిపోయింది. ఏమైందో తెలిసేలోపే కాలు క్వారీ దారిలో పడింది. మలుపు దగ్గర ఆగుతుందనుకున్నాడు, ఆగలేదు. అతనికి భయమేసింది. ఈ కాలు తను చెప్పినట్టు ఎప్పుడూ వినలేదు, కానీ ఇంత తొందర దానికి ఎప్పుడూ లేదు.

లారీ అప్పుడే కదలబోతోంది. కాలు పోయి దాని ముందు నిలబడింది. ఇన్నయ్య చుట్టూ చూసి, రాళ్ల నీడలో పెళ్లాన్ని చూశాడు.

బసవపున్నయ్య దగ్గరికొచ్చాడు. "ఏరా, ఇన్నాళ్లూ రాని కాలు ఇవాళెందుకొచ్చింది?"

"నాకు తెలీదయ్యా. అది నన్నడగలా."

ఇద్దరు పట్టి లాగారు. నలుగురు లాగారు. తాడు కట్టి లాగారు. బెదిరిపోయిన ఇన్నయ్య తను కూడా వంగి రెండు చేతులా కాలు పట్టి లాగాడు. వెంట్రుకవాసి కదల్లేదు. గడ్డపార తెచ్చి పాదం కింద పెడితే గడ్డపార వంగింది.

"తోలవయ్యా, అదే జరుగుద్ది," అన్నాడు బసవపున్నయ్య.

నూర్ మొహమ్మద్ ఇంజను ఆపేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగి బీడీ ముట్టించాడు. "మనిషి మీద తోలేవాణ్ణి వేరే చూసుకోండయ్యా," అన్నాడు.

చెయ్యి భుజం దాటని ఆమె తట్ట కింద పెట్టి, లారీ నీడలో ఇన్నయ్య పక్కన కూర్చుంది. మోకాలు వంగనివాడు కూర్చోలేక, లారీకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ఎవరూ తట్ట ఎత్తలేదు. బసవపున్నయ్య ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టాడు. వాళ్లు నేల చూస్తూ విన్నారు. ఆయన ఎండ వైపు చూశాడు, మాచర్ల దారి వైపు చూశాడు.

"ఎక్కించి తగలడండి," అన్నాడు చివరికి.

అప్పుడు కాలు పక్కకు తప్పుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి లాగి, ఎముక సరిచేసి, సిమెంటు కట్టు వేసింది. ఏ ఊరని అడిగింది. చెప్తే, ఆ గూడెం నుంచి ఎవరొచ్చినా ఎముక వంకరగా అతికిపోయాకే వస్తారనీ, విరిగిన రోజున వచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాననీ అంది. వెంట వచ్చిన ఇన్నయ్య కాలు కూడా చూసింది. మళ్లీ విరిచి కడితే తిన్నగా అవుతుందంది. కాలు బెంచీ కిందికి ముడుచుకుపోయింది.

ఆ ఎండాకాలంలోనే క్వారీలో మరొకడికి మడమ చితికింది. మిగతావాళ్లు చెప్పుకున్నదేమీ లేదు, పోయి లారీకి అడ్డంగా కూర్చున్నారు. లారీ వాణ్ణి మాచర్ల తీసుకుపోయింది. ఆ తర్వాత ఒక పిల్లకు మోచెయ్యి తొలిగినప్పుడూ అంతే. గురవయ్య వెదురుబద్దలు మూట కట్టుకుని వాళ్ల ఊరు పోయాడు.

ఇదంతా ఆ కాలి వల్లనేనని బసవపున్నయ్య పళ్లు నూరాడు. జీవరత్నం కట్టు విప్పించుకుని వచ్చిన రోజు గూడెంలో ఆడవాళ్లంతా ఆమె చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. వంకర లేదు. మర్నాడే ఆయన మనుషులొచ్చి గుడిసె కప్పు పీకారు. చూసినవాళ్లు చూశారుగాని, మా ఇంట్లో ఉండండని ఎవరూ అనలేదు. అందరి గుడిసెలూ ఆయన నేల మీదే ఉన్నాయి.

ఇన్నయ్య కుండలు మూటగట్టాడు. జీవరత్నం గూడేన్నంతా కలిపి ఒక తిట్టు తిట్టి, చాప చంకలో పెట్టుకుంది. రోడ్డెక్కారు. కుడివైపు పోతే మాచర్ల, ఎడమవైపు పోతే గురజాల. కాలు కాసేపు ఆగి, మాచర్ల వైపు తిరిగింది.

ఇన్నయ్య దాని వెంట అటు సాగాడు. కాస్త దూరం పోయాక వెనక అడుగులు వినపడి తిరిగి చూశాడు. ఆమె వస్తోంది. అతని మొహంలో ఏదో వెలుగు కనపడేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"చాల్లే చూడ్డం," అంది. చాలా కాలానికి అతనితోనే అన్న మాట అది. "నేనేం నీ వెంట రావట్లా. దాని వెంట వస్తన్నా."