వెనక లైటు

మా ఇద్దరి సైకిళ్ళకీ కలిపి ఒకటే జత లైట్లు. ముందు లైటు నా సైకిలుకి, వెనక ఎర్ర లైటు ఆయన సైకిలుకి. ఎలాగూ ఒకరి వెనక ఒకరం పోతాం, ఇంకో జత దండగ అన్నది నేనే. పిసినారితనం నాది, పరాచికాలు ఆయనవి. "ముందుచూపు మా ఆవిడది, వెనక కాపలా నాది" అని పనిలో అందరికీ చెప్పుకునేవాడు.

ఆస్పత్రి లాండ్రీలో ఆయన బాయిలరు చూసేవాడు, నేను దుప్పట్లు మడతపెడతాను. ఆరింటికల్లా అక్కడుండాలి. చలికాలంలో ఆ వేళకి కళ్ళు పొడుచుకున్నా దారి కనబడదు. నేను ముందు పోతూ "గుంట!", "రాయి!", "కుక్క!" అని అరిచేదాన్ని. వెనక మఫ్లరులోంచి "ఆఁ" అనేవాడు. అది వినబడితే చాలు, తిరిగి చూసే పనే ఉండేది కాదు.

ఆ రోజు ఆయన రెండో గ్లౌజు కనబడలేదు. మంచం కింద దూరి వెతుకుతున్నాడు. నిన్నా ఇదే వరస, మొన్నా ఇదే వరస.

"మీ కోసం కూర్చుంటే తెల్లారినట్టే!" అన్నాను.

"ఒక్క నిమిషం ఆగవే" అన్నాడు మంచం కింద నుంచే.

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఆగలేదు.

బడి గోడ పక్కన, పైపులకోసం కొత్తగా తవ్విన కందకం నా లైటులో కనబడింది. అలవాటు కొద్దీ "గుంట!" అని అరిచాను. వెనక ఎవరూ లేరు. బాగా అయింది, రేపటినుంచైనా బుద్ధొస్తుందనుకుని పక్కకి తిప్పుకుని పోయాను.

"మీ ఆయనేడమ్మా?" అని సూపర్వైజరు అడిగాడు.

"గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, లేపినా లేవడు" అన్నాను కచ్చగా. అందరూ నవ్వారు. ఎవరూ వెతకలేదు. ఏడింటికి, వెలుతురొచ్చాక, దారిన పోయేవాళ్ళు ఆయన్ని కందకంలో చూశారు. తల రాతికి కొట్టుకుంది, అప్పటికే ప్రాణం పోయింది. ఆస్పత్రిలో ఆయన మీద కప్పింది నేను మడతపెట్టిన దుప్పటే.

నెల తర్వాత మళ్ళీ పనికి పోక తప్పలేదు. ముందురోజు సాయంత్రం చూస్తే, అత్తయ్య ఆయన సైకిలునుంచి ఎర్ర లైటు విప్పి నా సైకిలుకి బిగిస్తోంది. నెలరోజులుగా ఎవరికీ చెప్పనిది చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ చీకట్లో ఆయన్ని ముందు లైటు లేకుండా వదిలేసి పోయింది నేనే. కోపంతో పోయాను. మీ అబ్బాయిని నేనే పొట్టన పెట్టుకున్నాను."

"తెలుసమ్మా. నేనూ ఇంట్లోనే ఉన్నాగా." ఆవిడ స్క్రూ తిప్పడం ఆపలేదు. "తెల్లారాక వెళ్ళరా, టీ పెడతానన్నాను. వింటేనా! 'దాని సైకిలుకి వెనక లైటు లేదమ్మా, వెనకనుంచి ఏ లారీ అయినా గుద్దితేనో?' అంటూ ఒంటి గ్లౌజుతోనే పరిగెత్తాడు. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. ఎన్నాళ్ళని కడుపులో దాచుకోను?"

నేను సైకిలు పక్కనే నేల మీద కూర్చున్నాను. నా వెనక లైటు లేదన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తట్టనే లేదు. ఆయనకి మాత్రం మంచం కింద ఉండగానే తట్టింది.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు చీకటుండగానే బయల్దేరాను. ముందూ లైటుంది, వెనకా లైటుంది. బడి గోడ దగ్గర కందకం ఎప్పుడో పూడ్చేశారు. అయినా ఆ చోటికి రాగానే "గుంట!" అని అరిచాను.

కాలు కింద పెట్టి ఆగాను. ఆయన అడిగిన ఒక్క నిమిషం అయిపోయింది. ఇంకా ఆగే ఉన్నాను.