పక్క సీటు బరువు

ఐసు మేస్త్రి పొద్దున్న ఎనిమిదింటికి షెడ్డు తెరుస్తాడు. ముందు చేతులు కడుక్కుంటాడు, తర్వాత టీ తాగుతాడు, ఆ తర్వాతే బోనెట్ ఎత్తుతాడు. పాత కార్ల ఏసీలు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. ఎవరైనా బ్రేకులు చూడమంటే, కళ్ళడాక్టరును పన్ను పీకమన్నట్టు మొహం పెడతాడు.

మూడు వారాలుగా అతని షెడ్డులో ఒక పొడవాటి స్టేషన్ వ్యాగన్ ఉంది. వెనక సామాన్లకు మంచమంత చోటు, ముందు ఇద్దరికీ కలిపి ఒకటే సీటు. ఏసీ ఫ్యాక్టరీలోనే బిగించి పంపింది. అది ఆగిపోయి పదకొండేళ్ళయింది. బండి హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మది.

పాత బండిలో ఫ్యాక్టరీ ఏసీ మళ్ళీ నడిస్తే, అది చివరిసారి ఎవరిని చల్లబరిచిందో వాళ్ళ బరువు కాసేపు సీట్లలో దిగుతుంది. మనిషి కనబడడు, సీటు మాత్రం కుంగుతుంది. ఒక్కసారే, మళ్ళీ రాదు. గ్యాసు సరిపోయిందో లేదో మేస్త్రి దాన్ని బట్టే చూసుకుంటాడు. "గేజీ అబద్ధం చెబుతుందేమో గానీ సీటు చెప్పదు" అంటాడు. ఒకసారి, ఎప్పుడో పోయిన షావుకారు బరువు దిగి సీటు స్ప్రింగు విరిగింది. కొడుకులు స్ప్రింగు మార్పించుకుని బండి తోలుకుపోయారు.

టీచరమ్మ భర్త ఈ బండిలోనే పోయాడు. ఆరోజు పొద్దున్న ఛాతీలో పట్టేసినట్టుందని, ఆసుపత్రికి తోడు రమ్మన్నాడు. ఆవిడ ముందు పరీక్ష పేపర్ల కట్ట ఉంది. "ఎంత దూరమని? మీరు వెళ్ళిరండి" అంది. సాయంత్రానికి ఊరి చివర రోడ్డు పక్కన దొరికాడు. ఇంజిన్ ఇంకా ఆడుతూనే ఉంది. పొద్దుటినుంచీ తిరిగీ తిరిగీ కంప్రెసర్ పట్టేసింది.

ఆ సంగతి ఆవిణ్ణి మరిచిపోనిచ్చినవాళ్ళు లేరు. అందరికన్నా ఎక్కువ మరిది. "పాపం, అన్నయ్య ఒంటరిగా పోయాడు" అని సందు దొరికినప్పుడల్లా నిట్టూర్చేవాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఆవిడ మేడమీది గదిలో మకాం, ఆవిడ చేతి భోజనం. చిన్నప్పుడు గోడమీంచి పడి తుంటి వంకరపోయింది, ఎక్కడ కూర్చున్నా ఎడమవైపుకే ఒరుగుతాడు. ఆవిడ సోఫా ఆ పక్కన గుంటపడిపోయింది కూడా. కూర బాగాలేదని కంచం తోసేసినా ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు. మొగుణ్ణి ఒంటరిగా పంపినదానికి నోరెక్కడిది?

ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని తప్పయిపోయిందని చెప్పుకోవాలి. ఆవిడకున్నది ఆ ఒక్క కోరికే. ఏసీ బాగుచేయిద్దామన్నప్పుడల్లా మరిది అడ్డుపడ్డాడు. "తుక్కు బండికి ఈ సోకులెందుకు వదినా" అన్నాడు. చివరికి ఆవిడ వినకుండా బండిని షెడ్డుకి తోయించేసరికి, తనే ఒక కొత్త కంప్రెసర్ తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టాడు. "పాతది పారేయండి. వదిన కోసం ఈ మాత్రం చెయ్యనా?" టీచరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాతదాన్ని అతను దగ్గరుండి తుక్కువాడికి వేశాడు. ఆరోజు రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

బరువులు కంప్రెసర్‌లో ఉంటాయని అతని నమ్మకం. చాలామంది అలాగే అనుకుంటారు. అవి ఉండేది డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో. మేస్త్రి దాన్ని బయటికి తీసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము కడిగి, వంగిన రేకుల్ని ఒక్కొక్కటే నిలబెట్టి, మళ్ళీ దాని చోట్లోనే బిగించాడు.

ఆదివారం పదింటికి వదినా మరిదీ వచ్చారు. మేస్త్రి ఇంజిన్ స్టార్ట్ చేసి, నాబ్ తిప్పి, దిగి తలుపు వేశాడు. అద్దాలు చల్లబడ్డాయి. స్టీరింగ్ వెనక సీటు మెల్లగా కుంగింది. ఆయనే. టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుని అవతలి తలుపు తెరిచింది. కూర్చోబోయి ఆగిపోయింది.

ఆ పక్క కూడా కుంగి ఉంది. ఎడమవైపు లోతుగా, కుడివైపు పైపైన.

"ఇద్దరు" అన్నాడు మేస్త్రి, గేజీ చదివినంత మామూలుగా.

కాసేపటికి స్టీరింగ్ వెనక బరువు పక్కకి జారి, సీటు మధ్యకి వచ్చి పడింది. అది పడీపడగానే ఎడమపక్క గుంట గబుక్కున పైకి లేచింది. మళ్ళీ కుంగలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడగలేదు. మరిదే భుజాలు తడుముకున్నాడు. "ఎవరినైనా పిలుచుకొద్దామనే దిగాను వదినా."

"ఎవర్ని పిలిచావు?"

"దారిలో కనబడితే ఎక్కమన్నాడు. ఉన్నట్టుండి నా మీదకి ఒరిగిపోయాడు. భయమేసింది. బస్సొస్తే ఎక్కేశాను."

"అప్పటికి ఊపిరుందా?"

అతను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఒంటరిగా పోయాడని నాతో అన్నావే."

"నేను దిగిపోయాక ఒంటరే కదా" అన్నాడు గొణుగుతూ.

తప్పు తనొక్కదానిదే కాదని తెలిస్తే గుండె తేలికపడాలి. పడలేదు. పదకొండేళ్ళు వీడికి వేడివేడిగా వడ్డించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"మేస్త్రీ, ఆయన ఇంకెంతసేపు ఉంటారు?"

"ఐదు నిమిషాలమ్మా. మహా అయితే ఆరు."

ఆవిడ ఖాళీ అయిన చోట కూర్చుంది. సీటు మధ్య గుంట తొడకి ఆనుకుంది. దాని మీద చెయ్యి వేసింది. చెప్పుకోవాలనుకున్న మాట నోటికి రాలేదు. దానికి బదులు తల తిప్పి, మరిదితో అంది. "మేడమీది గది తాళం మేస్త్రికి ఇచ్చి వెళ్ళు. నీ సామాన్లు గేటు బయట పెడతాను."

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మరి మధ్యాహ్నం భోజనం, వదినా?"

ఆవిడ తలుపు లాగేసుకుని, చల్లగాలి బయటికి పోకుండా అద్దం పైదాకా తిప్పింది.