జాకీ మీద వేలెడు సందు

సజ్జ కింద ఆనిచ్చి నిలబెట్టిన ఒక్కో జాకీని దేవయ్య సుత్తితో మెల్లగా తట్టి వింటున్నాడు. బరువు మోస్తున్న ఇనుప జాకీ ఒకలా మోగుతుంది, ఊరికే నిలబడ్డది ఇంకోలా. ఒమన్‌లోని సోహార్ పోర్టు దగ్గర కడుతున్న గోదాము ముందు, గోడలోంచి చేయి చాపినట్టు బయటికొచ్చిన సజ్జ అది. పోసిన కాంక్రీటు గట్టిపడింది. కింది జాకీలను ఈరోజు విప్పాలి. సజ్జ నిలిస్తే సాయంత్రం కంపెనీ బండి ఆయనను మస్కట్ ఎయిర్‌పోర్టులో దించుతుంది. ఊరికి వెళ్ళిపోతే మళ్ళీ రానక్కర్లేదు. తేడా వస్తే విచారణ అయ్యేదాకా ఎవరినీ కదలనివ్వరు.

పొట్టి మనిషి. ఇనుము మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగింది. అరచేతులను సిమెంటు తినేసింది. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన నాటి నుంచీ ఒమన్‌లో ఆయన చేసింది జాకీల పనే. నిలబెట్టడం, విప్పడం. పని పూర్తయిందంటే ఆయన పెట్టింది ఒక్కటీ అక్కడ మిగలదు. విప్పే ముందురోజు ఆయనకు నిద్ర పట్టదు. మంచం కింద కూడా జాకీ పెట్టుకో అని రూమ్‌లో వాళ్ళు ఆటపట్టిస్తారు, ఆయనా నవ్వుతాడు.

ఆఫీసులో సంతకం ఉందంటే వెళ్ళి వచ్చాడు. అంతలో ఆయనతో పనిచేసే కుర్రాడు దానిష్ గోడవైపు జాకీలు మూడు విప్పేశాడు. అటువైపు నీడ ఉంది మరి, ఆ ఎండలో ఎవరికైనా నీడవైపే కాళ్ళు లాగుతాయి.

తిరిగొచ్చిన దేవయ్య అది చూశాడు. సజ్జను కొస నుంచి గోడవైపుకు విప్పుకుంటూ రావాలి. అప్పుడు కొస కొంచెం వంగుతుంది, పైభాగంలో వేసిన కడ్డీలు పట్టుకుంటాయి, ఆగుతుంది. గోడవైపు ముందు విప్పితే నడుమ కుంగుతుంది. అడుగున పట్టుకోవడానికి కడ్డీలు లేవు.

ఆయన అరవలేదు. మూడు జాకీలూ మళ్ళీ నిలబెట్టి, తగిలీ తగలనట్టు బిగించాడు. తర్వాత గోనెసంచి తడిపి, నిచ్చెనెక్కి, సజ్జ అడుగంతా తుడిచాడు. వెంట్రుకంత పగులున్నా అది నీళ్ళు తాగుతుంది. మిగతాదంతా ఆరాక అక్కడ నల్లటి గీత మిగిలిపోతుంది. దానిష్ తప్పు చేసినవాడిలా బకెట్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

సముద్రం వైపు నుంచి వేడిగాలి వీస్తోంది. తడి అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. జేబులో ఫోన్ మోగినా తీయలేదు. మెడ పట్టేసినా తల దించలేదు. చివరి తడి కూడా తెల్లబడింది. గీత లేదు.

అప్పుడు కూర్చున్నాడు, ఇసుకలోనే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాయిగా ఉంది.

కొస నుంచి విప్పడం మొదలుపెట్టారు. పక్కన బిగించి కట్టిన దారంతో సరిచూస్తే సజ్జ కొస దారం మందమంత దిగి, ఆగింది. ఎంత గట్టి కాంక్రీటైనా బరువు పడితే కొంచెం వంగాల్సిందే. ఆగాలి, అంతే.

తర్వాత భార్య శాంతవ్వకు ఫోన్ చేశాడు. ఆమె ఊళ్ళో పిండిగిర్ని పెట్టుకుంది. ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అంటూ ఇన్నాళ్ళూ తిరిగి వెళ్ళడం వాయిదా వేసింది ఆయనే.

“నేనొస్తే ఇల్లు నడుస్తదా?” అన్నాడు.

అవతల గిర్ని చప్పుడు. ఆమె దాన్ని ఆపలేదు.

“ఇనవడ్తలేదా నడిచేది? నువ్వు లేకుంటనే నడుస్తున్నది. ఇంగ నువ్వు ఊరికెనే రా.”

ఆ మాటకు చిన్నబుచ్చుకోవాలేమో అనుకున్నాడు. కానీ భుజం మీదినుంచి ఏదో దించినట్టే ఉంది.

సాయంత్రం స్నానం చేసి, సంచి తీసుకుని బండి దగ్గరికి వచ్చాడు. సైట్ ఫోర్‌మన్ నిసార్ అహ్మద్‌ది నిజామాబాద్. సజ్జ కొస కింద ఇంకా ఒక జాకీ ఉండటం చూశాడు.

“అదొక్కటి ఎందుకు దేవయ్యా?”

“మరను తిప్పి వేలెడు దించిన్నే నిసార్ భాయ్. ఏం మోస్తలేదు. ఈ ఒక్క రాత్రి ఉండనియ్యి, నా పానం నిమ్మలంగ ఉంటది.”

నిసార్ ఆయన దిగిన భుజం మీద చేయి వేసి, బండి ఎక్కించాడు.

మర్నాడు పొద్దున ఆ చివరి జాకీ తీయడానికి దానిష్ సుత్తి పట్టుకుని వచ్చాడు. గోదాము ముందు అదొక్కటే నిలబడి ఉంది. దాని తలకూ సజ్జకూ మధ్య నిన్న వదిలిన వేలెడు సందు అలాగే ఉంది, అందులోంచి పొద్దు కనిపిస్తోంది.