పడవకు పరిచిన గచ్చు

మార్కాపురంలో పుట్టినవాడికి రెండు జబ్బులు తప్పవు. ఒకటి, ఏ ఇంటికి వెళ్లినా ముందు నేల వంక చూడటం. రెండు, చూసి ఊరుకోలేకపోవడం. ఇరవై ఆరేళ్లుగా పలకరాతి బండల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి నాకు రెండూ ముదిరాయి. పలకలు అమ్మేవాణ్ణి, పలకకుండా ఉండలేను.

నా బామ్మర్ది కాశయ్య బేస్తవారిపేట అవతలి చెరువులో చేపలు పడతాడు. అతని ఆస్తి పన్నెండేళ్ల నాటి ఫైబర్ పడవ. ఈ ఏడు వానలకు చెరువు నిండింది. సోమవారం నుంచి వలలు వేయొచ్చని చేపల సంఘం చాటించింది. తొలిరోజు సొంత పడవతో నీళ్ల మీద కనబడనివాడి వంతు ఆ ఏడాదికి ఇంకొకరికి పోతుంది. సరిగ్గా పది రోజుల ముందు కాశయ్య పడవెక్కితే, కాలు చీలమండ దాకా పడవ నేలలోకి దిగిపోయింది.

“నా దగ్గరికి పంపీ, నేను చూసుకుంటా,” అన్నాను ఫోన్లో. ఎవరూ అడగలేదు.

మా దుకాణం పక్కనే అయాజ్ షెడ్డు. కూలర్ల తొట్లకూ బస్సు బంపర్లకూ ఫైబర్ పని చేస్తాడు. పడవలోని పాత ప్లైవుడ్ నేల కోసి తీశాడు. దానికింద పొడుగునా ఉండి పడవను నిలబెట్టే నాలుగు చెక్క దూలాలు టీలో ముంచిన రస్కుల్లా చేతికొచ్చాయి.

“తప్పు నేలది కాదు మామా. కింద పక్కటెముకలే పోయినాయి. పైపైన అతుకేస్తే నెలకే మళ్ల కుంగుతాది.”

“నెలకే కుంగే నేల మనకేల?” అన్నాను. అయాజ్ నవ్వలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు కదా, నవ్వినా కనబడదులే అని సరిపెట్టుకున్నాను.

కొత్త దూలాలు తెచ్చి, పడవ వంపుకు తగ్గట్టు చెక్కి, ఒక్కొక్కదానికీ ఫైబర్ గుడ్డ చుట్టి రెజిన్ పూసి, నీటిచుక్క కట్టె దాకా పోయే దారి లేకుండా మూసేశాడు. శుక్రవారం చిన్నమ్మ కూతురి నిఖాకు గిద్దలూరు బయల్దేరుతూ చెప్పాడు.

“ఆదివారం పొద్దున్నే వచ్చి ప్లైవుడ్ పరుస్తా. సాయంత్రానికి గట్టిపడతాది. అందాక నువ్వు ముట్టుకోవద్దు మామా.”

ముట్టుకోలేదు. బండలు పరిచాను.

కుళ్లిన ప్లైవుడ్ స్థానంలో మళ్లీ ప్లైవుడ్డా? నా పెరట్లో ముప్పై బండలు ఊరికే పడి ఉన్నాయి. చెద పట్టవు, కుళ్లవు. ఇంటికి పరిచినట్టే పరిచాను. దూలాల మధ్య సందుల్ని సిమెంటు మాలుతో నింపాను. పైన అంగుళం మందం బండలు. అతుకులకు తెల్ల సిమెంటు. నీళ్లు నిలవకుండా వాటం కూడా ఇచ్చాను. ఆ నీళ్లు బయటికి పోవడానికి పడవకు తూము ఉండదన్న సంగతి మాత్రం తట్టలేదు.

వచ్చినప్పుడు నలుగురు దించిన పడవను ఆదివారం తెల్లారి టాటా ఏస్ ఎక్కించడానికి పదకొండు మంది కావలసివచ్చారు. నాణ్యత పెరిగిందనుకున్నాను.

చెరువు గట్టున కాశయ్య, అతని భార్య రోశమ్మ ఎదురుచూస్తున్నారు. కాశయ్య పడవలోకి తొంగి చూశాడు.

“ఏంది బావా ఇది?”

“మార్కాపురం,” అన్నాను.

“నిగనిగలాడుతాంది. చెప్పులిడిసి ఎక్కాల్నా అన్నా?” అంది రోశమ్మ.

నీళ్లలోకి తోశాం. ఖాళీ పడవే సగానికి పైగా మునిగింది. కాశయ్య ఎక్కితే అంచుకూ నీటికీ నాలుగు వేళ్ల ఎడం మిగిలింది. వల అందిస్తే రెండు వేళ్లు.

“ఇంక చేపలు యాడ కూచోవాల?” అంది రోశమ్మ.

“నిలకడ చూడమ్మా. కొంచెం కూడా కదల్లా.”

“అడుగు నేలకానింది అన్నా. అందుకే కదల్లా.”

కాశయ్య దిగివచ్చి గట్టు మీద కూర్చున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. “నాలుగేండ్లు ఎండిన చెరువు బావా. నిండిన ఏడు నా వంతు పోతాది,” అన్నాడు, అంతే. పరువు కోసం పరిచిన బండలు బరువయ్యాయన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

షెడ్డులో పడవ కనబడక అయాజ్ బైకు మీద వెతుక్కుంటూ వచ్చాడు, పెళ్లి చొక్కాతోనే. చూశాడు.

“మామా, ఇది పడవా, బాత్రూమా?”

నేను సిగ్గుతో సుత్తి అందుకున్నాను. రెండో దెబ్బకే నా చెయ్యి పట్టుకున్నాడు.

“దూలం పగిలితే వచ్చే ఏడు గూడా పడవ ఉండదు. నువ్వు పోయి ఆ చెట్టుకింద కూచో.”

కూర్చున్నాను. అయాజ్, కాశయ్య ఉలితో అంచుల నుంచి నెమ్మదిగా తట్టారు. నున్నటి ఫైబరును సిమెంటు సరిగ్గా పట్టుకోలేదు, పెచ్చులు పెచ్చులుగా లేచింది. నా పనితనం నిలబెట్టడానికి ఒక్క బండైనా మొండికేస్తుందేమోనని చూశాను. ఒక్కటీ వేయలేదు.

పొద్దువాలేసరికి దూలాలు బయటపడ్డాయి. అయాజ్ ఒక్కొక్కదాన్నీ పిడికిలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. నాలుగూ గట్టిగానే ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం గాటు, నా సుత్తిది. బైకు డిక్కీలోంచి డబ్బా తీసి దానికి రెజిన్ పూశాడు.

“ఇప్పుడు పోయి ప్లైవుడ్ తెచ్చి పరిచినా రాత్రి తేమకు తెల్లారేలోగా ఆరదు,” అన్నాడు.

“నేల లేకుంటే ఏమాయె. దూలాల మీద కాలు పెట్టుకుంటా పోతా,” అన్నాడు కాశయ్య.

“జారితే?” అంది రోశమ్మ.

“పన్నెండేండ్ల పడవ. యాడ కాలు పెట్టాల్నో నాకు తెలీదా?”

సోమవారం పొద్దున సంఘం పెద్ద దేవరాజు పేర్లు పిలిచాడు. కాశయ్య నీళ్ల మీద నుంచే “ఉండా” అన్నాడు. ఒక దూలం మీద ఒక కాలు, ఇంకో దూలం మీద ఇంకో కాలు. పడవ తేలిగ్గా తేలింది. దూలాల మధ్య సందుల్లో రోశమ్మ బొచ్చె చేపలు ఒకవైపు, జెల్లలు ఒకవైపు వేసుకుంటోంది. నా పని అన్నది పడవలో రవ్వంత కూడా మిగల్లేదు. అందుకే అంత బాగా నడిచింది.

గట్టుకు వచ్చాక అడిగాను, “నేల ఎప్పుడేయిద్దాం కాశయ్యా?”

“వచ్చే ఆదివారం అయాజ్ వచ్చి ఏస్తాడు,” అన్నాడు వల దులుపుతూ. “ఆ పొద్దు నువ్వు దుకాణంలోనే ఉండు బావా. గిరాకీ ఉంటాది.”

ఆదివారాలు మా దుకాణానికి సెలవు. ఆ ఆదివారం తెరిచాను.