ఆ గరిటె నాది కాదు

"ఏమోయ్, గరిటె!"

ఆదివారం పొద్దున మా హాల్లోంచి వంటింట్లోకి వచ్చే కేక ఇది. దానికి నా జవాబు, "సారీ అండీ." పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ కేకా జవాబూ ఏళ్ల తరబడి అలాగే నడిచాయి. మా పుట్టింట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ డిగ్రీలో ఎన్నో ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను గానీ, ఇంతగా అరగదీసింది 'సారీ' ఒక్కదాన్నే. "చదువుకున్నదానివి, సర్దుకుపోవాలమ్మా" అన్నారు నాన్న, అప్పగింతలప్పుడు. చదువుకోనివాళ్లు కూడా సర్దుకుపోతూనే ఉన్నారు కదా, మరి నన్నెందుకు చదివించినట్టు అని అప్పుడు అడగాలని తోచలేదు.

సంగతేమిటంటే, మా ఆయనకి పాత గూఢచారి సినిమాల సంగీతమంటే ప్రాణం. హాల్లో నా భుజాల ఎత్తు స్పీకర్లు రెండున్నాయి. వాటి దుమ్ము తుడిచే హక్కు నాది, మీట నొక్కే హక్కు ఆయనది. ఆదివారం కాఫీ కాగానే మామయ్యగారి కాలంనాటి నల్లటి రికార్డు తీసి, పసిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టి, కుర్చీలో వాలి కళ్లు మూసుకుంటారు. ఇక ఇంట్లో ఈగ వాలకూడదు. మిక్సీ వేయకూడదు. కుక్కర్ కూతలు ముందే అయిపోవాలి. కుళాయి తిప్పినా దారంలా తిప్పాలి.

ముందు వయొలిన్లు పిల్లి అడుగులు వేస్తాయి. తర్వాత గిటారు తీగ ఒకటి గరగరమంటుంది, ఎవరో కోటు కాలరు పైకెత్తుకుని సందు మలుపు తిరిగినట్టు. డ్రమ్ములు దగ్గరికొస్తాయి, వస్తాయి, టక్కున ఆగిపోతాయి. నిశ్శబ్దం. ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దం. అందులో సన్నగా, టింగ్! ఆ వెంటనే ట్రంపెట్లన్నీ తలుపులు బద్దలు కొట్టుకుని వచ్చి పడతాయి.

ఆ టింగ్ దగ్గరే మా ఆయన కళ్లు తెరిచేది. "ఏమోయ్, గరిటె! సరిగ్గా అక్కడే పడేయాలా? ట్రంపెట్ల ముందు ఆ నిశ్శబ్దమే పాటకి ప్రాణమని ఎన్నిసార్లు చెప్పాలి?"

వంటింట్లో ఉన్న మనిషి చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఉన్నది దేనికో ఒకదానికి తగులుతుంది. నేనే అయ్యుంటాను అనుకునేదాన్ని. పాట ఆ చోటికి వస్తోందంటే చాలు, నా భుజాలు వాటంతటవే చెవుల దాకా లేచేవి. గరిటెని గుండెకి హత్తుకుని నిలబడేదాన్ని. అయినా టింగ్ మనేది. అయినా సారీ చెప్పేదాన్ని. ఇంకేం మోగించి ఉంటానో, గాజులేమో, కాలి మెట్టేమో అనుకునేదాన్ని.

రికార్డు అట్ట మీద పిస్తోలు పట్టుకున్న మగాడు ఉంటాడు. వెనకాల ఆడవాళ్ల నీడలు. ముక్కూ మొహం లేవు, వొంపులే ఉన్నాయి. "ఇవి టైటిల్ పాటలో నాట్యం చేసే నీడలోయ్, అదొక కళ" అని మా ఆయన ఓసారి వివరించారు. పాట పాడేది ఆడమనిషే, గొంతు చించుకుని. పాట మాత్రం అతని గురించి. సముద్రం అడుగున దాక్కున్న జలాంతర్గామిని చటుక్కున కనిపెట్టే ఆ వీరుడంటే మా ఆయనకి ఆరాధన. ఆయన మటుకు అలమరలో ఎదురుగా ఉన్న తువ్వాలు కనిపెట్టలేరు.

ఓ ఆదివారం నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. అత్తయ్య పక్కింట్లో ఉన్నారు. వంటిల్లు ఖాళీ. హాల్లోంచి కేక వచ్చింది.

"ఏమోయ్, గరిటె!"

నోట్లో క్లిప్పుతోనే "సారీ అండీ" అనేశాను. అన్నాక ఆగాను. తడి చేతులతో హాలు గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

"ఏవండీ, నేను బాల్కనీలో ఉన్నాను."

"మరి ఎవరు పడేశారు?"

"ఎవరూ లేరు."

ఆయన కాస్త ఆలోచించారు. "పిల్లి అయ్యుంటుంది. వంటింటి కిటికీ వేస్తూ ఉండు."

మాకు పిల్లి లేదు. వీధి మొత్తానికి పిల్లి లేదు. అయినా ఆ రోజు నుంచీ కిటికీ మూసి, ఉక్కలో వంట చేశాను.

కానీ అనుమానం పురుగులా తొలిచింది. ఓ సెలవు రోజు ఆయన లేనప్పుడు, దుమ్ము తుడుస్తున్న వంకతో మీట నొక్కాను. స్పీకర్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. పిల్లి అడుగులు, సందు మలుపు, డ్రమ్ములు, నిశ్శబ్దం... టింగ్! ముల్లు వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. టింగ్! గరిటె రికార్డులోనే ఉంది.

సాయంత్రం ఆయనకి చెప్పాను, జాగ్రత్తగా, ఆయన తప్పు కానట్టే. ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "అంత పెద్ద ఆర్కెస్ట్రాలో గరిటె వాయిస్తారటోయ్? అట్లకాడ కూడా ఉందా? నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను ఈ పాట!" ఫోన్లో స్నేహితుడికి కూడా చెప్పారు. "మా ఆవిడ కొత్త వాద్యం కనిపెట్టిందిరా!" తర్వాత ఆయన స్నేహితులు ఎవరు ఇంటికొచ్చినా, "వదినగారూ, గరిటె కచేరీ ఎప్పుడు?" అని అడగడం, నేను టీ కప్పులు అందిస్తూ నవ్వడం. ఆ నవ్వు కూడా నా పనుల్లో ఒకటి.

నేను ఊరి కచేరీ హాల్లో గుమాస్తాని. బుకింగులు చూస్తాను, తాళాలు చూస్తాను. నాతోపాటు చేరిన గుమాస్తా ఇంకొకాయన ఉన్నారు. కమిటీ వాళ్లు వస్తే సూపరింటెండెంట్ ఆయన్ని "కూర్చోండి సార్" అంటారు, నన్ను "అమ్మా, కప్పులు ఓసారి చూడు" అంటారు. శనివారం సాయంత్రాలు ఆ హాల్లో ఔత్సాహికుల ఆర్కెస్ట్రా ఒకటి సాధన చేస్తుంది. నడిపేది పళ్ల డాక్టరు. "కొంచెం నోరు తెరవండి... ఇంకొంచెం... అంతే, అయిపోయింది" అనడం ఆయనకి ఎంత అలవాటంటే, ట్రంపెట్ల వాళ్లకి కూడా అదే చెబుతారు.

ఈసారి వాళ్లు ఎంచుకున్నది పాత గూఢచారి సినిమాల సంగీతం. ఓ శనివారం తాళాల గుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా పాట మొదలైంది. డ్రమ్ములు దగ్గరికొచ్చాయి, ఆగాయి. నా భుజాలు లేచాయి. నిశ్శబ్దం. ఏమీ మోగలేదు! ట్రంపెట్లు ఊడిపడ్డాయి.

"డాక్టరుగారూ, ఇక్కడ టింగ్ మనాలి కదండీ?" అని నోరు జారింది.

అందరూ తిరిగి చూశారు. డాక్టరు కళ్లజోడు తీసేశారు. "అవునండీ! ట్రయాంగిల్. వాయించేవాళ్లు లేరు. పాటంతా నిలబడి ఒక్కసారి కొట్టడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇదివరకు ఉన్నతను కునికిపాట్లు పడి, డ్రమ్ముల ఆయన మీద పడ్డాడు. ఇంతకీ మీకెలా తెలుసు?"

"భుజాలు చెబుతాయండీ" అన్నాను. నిజం అదే మరి.

మూడు వైపులా వంచిన ఉక్కు కడ్డీని దారానికి వేలాడదీసి, చిన్న ఇనప పుల్లతో పాటు నా చేతికిచ్చారు. పాటంతా ఎదురుచూసి, అందరూ మర్చిపోయిన చోట ఒక్కసారి పని చేసి, మళ్లీ నిలబడటం. నాకు శిక్షణ అక్కర్లేదు. పెళ్లినాటి నుంచీ అదే చేస్తున్నాను.

ఇంట్లో ఆడిట్ అని చెప్పాను. శనివారం శనివారం ఆడిట్. అబద్ధం ఆడుతుంటే నా తలలో వయొలిన్లు పిల్లి అడుగులు వేసేవి. "ఏం ఆడిట్ ఇది, ఎన్నాళ్లు?" అని మా ఆయన అడిగితే, "పై నుంచి వచ్చారండీ" అని కోటు కాలరు ఎత్తుకున్నంత ధీమాగా చెప్పి, మజ్జిగ గ్లాసు పెట్టి తప్పుకునేదాన్ని. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు ఇంట్లో తిరిగేవాళ్లనే గూఢచారులంటే, కోడళ్లందరికీ పతకాలు రావాలి.

పట్టుబడింది మాత్రం అత్తయ్య దగ్గర. ఓ రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద కూర గిన్నె, దాని కింద నా ట్రయాంగిల్!

"నీ సంచీలో కనబడిందే" అన్నారు అత్తయ్య మెచ్చుకోలుగా. "వేడి గిన్నె కిందకి మంచి ముక్కాలిపీట కొన్నావు. ఆ పుల్లతో తూము కూడా శుభ్రం చేశాను. నీళ్లు చక్కగా పోతున్నాయి."

గిన్నె ఎత్తి, ట్రయాంగిల్ తుడిచి, దారం పట్టుకుని, చెడిపోయిందేమోనని పుల్లతో ఒక్కసారి తట్టాను.

టింగ్!

అత్తయ్య భుజాలు లేచాయి. చెవుల దాకా, అచ్చం నా భుజాల్లా. చటుక్కున హాలు వైపు చూశారు. హాల్లో ఎవరూ లేరు.

"అది... గరిటె కదే?" అన్నారు నెమ్మదిగా.

"గరిటె కాదత్తయ్యా. పాటలోనే ఉంది. ఈయన రికార్డులో."

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ రికార్డు వాడిది కాదమ్మా, మీ మామయ్యది. ఆయన కూడా అక్కడే అరిచేవారు. నేను ఇత్తడి గరిటెలన్నీ అటక ఎక్కించేసి చెక్క గరిటెలు కొన్నాను, తెలుసా? చెక్కవి! అయినా టింగ్ మంది."

"మరి అప్పుడైనా అనుమానం రాలేదా?"

"వచ్చింది. నా చేతుల్లోనే ఏదో ఉందనుకున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు అత్తయ్యే నవ్వారు. తర్వాత ఇద్దరం, బల్ల పట్టుకుని, కూర చల్లారిపోయేదాకా నవ్వాం. రికార్డుతో పాటు ఆ కేక కూడా తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. చెక్క గరిటె మాత్రం అత్తయ్య నుంచి నాకు వచ్చింది, ఎందుకో చెప్పకుండానే. ఆవిడ చెయ్యి చాపారు. "ఏదీ, ఇలా ఇవ్వు." తనే తట్టారు. టింగ్. మళ్లీ తట్టారు. ఈసారి భుజాలు లేవలేదు.

కచేరీ వారం వచ్చింది. మా ఆయన ఎగిరి గంతేస్తూ వచ్చారు. "మీ హాల్లో గూఢచారి సంగీతమట, చెప్పనే లేదే! మా వాళ్లందరం వెళుతున్నాం. వచ్చాక ఇక్కడే భోజనాలు. నువ్వు ఇంట్లో ఉండి అన్నీ సిద్ధం చేసెయ్."

"నాకు ఆడిట్..."

"ఒక్క రోజు మానెయ్. నువ్వు లేకపోతే ఆడిట్ ఆగుతుందా?"

ఆ రాత్రి భోజనాల గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఆడిట్ ఆగదు. టింగ్ ఆగుతుంది. నేను వెళ్లకపోతే నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉండిపోతుంది. ఆయన ఇంటికొచ్చి, స్నేహితుల ముందు, "విన్నావా, అసలైన ఆర్కెస్ట్రా! గరిటె లేదు. అంటే అది నువ్వేగా!" అంటారు. ఇక జన్మంతా ఆ గరిటె నాదే. నా తర్వాత ఈ ఇంటికి ఎవరొస్తే వాళ్లది.

తోమిన గిన్నెలు బోర్లించి హాల్లోకి వెళ్లాను. "శనివారం నేను ఇంట్లో ఉండనండీ" అన్నాను. సారీ కలపలేదు. వాక్యం పొట్టిగా, కొత్తగా ఉంది.

"మరి వంట?"

అత్తయ్య పడగ్గదిలోంచే అందుకున్నారు. "బయట తినండిరా. నేనూ వస్తున్నా కచేరీకి. ముందు వరసలో కుర్చీ చూడు."

శనివారం సాయంత్రం కచేరీ హాలు నిండిపోయింది. మా ఆయన ముందు వరసలో, చుట్టూ స్నేహితులు. నేను గేటు దగ్గర టిక్కెట్లు చూస్తుంటానని ఆయన అనుకుంటున్నారు. లైట్లు ఆరాయి. వెనక వరసలో, డ్రమ్ముల పక్కన, చీకట్లో నేను నిలబడ్డాను. కింద నుంచి చూస్తే నేనూ ఒక నీడనే. వొంపుల మాట ఎలా ఉన్నా, చేతిలో ఉక్కు ఉంది.

పిల్లి అడుగులు. సందు మలుపు. మా ఆయన కళ్లు మూసుకోవడం అక్కడి నుంచే కనబడింది. డ్రమ్ములు వచ్చాయి, వచ్చాయి, ఆగాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా భుజాలు లేచాయి. అవి లేచినందుకు మొదటిసారి సంతోషించి, కొట్టాను.

టింగ్!

"ఏమోయ్, గరిటె!"

అంత నిశ్శబ్దంలో ఆ కేక బాల్కనీ దాకా వినబడింది. ట్రంపెట్ల వాళ్లకి నవ్వొచ్చి ఊపిరి అందలేదు. డాక్టరు కర్ర గాల్లోనే ఉండిపోయింది. పాట ఆగిపోయింది. ఎవరో లైటు వేశారు. మా ఆయన కళ్లు తెరిచి, ఇది తన హాలు కాదని గ్రహించి, వెనక వరసలో నన్ను చూశారు. నా చేతిలోని దాన్ని చూశారు.

"అరవకురా" అన్నారు అత్తయ్య, హాలంతటికీ వినబడేలా. "ఇన్నేళ్లలో నిజంగా మీ ఆవిడ మోగించింది ఇదొక్కసారే. సరిగ్గా విననివ్వు."

నా నాలుక అలవాటుగా 'సా' దగ్గరికి వెళ్లింది. అక్కడే ఆపేశాను. డాక్టరు నా వైపు తిరిగి, పంటి నొప్పి తగ్గిన మనిషిలా నవ్వి, "మొదటి నుంచి వాయిద్దామా?" అన్నారు.

తలూపాను. ఈసారి ఇంకాస్త గట్టిగా కొట్టాను.