మాల్యాద్రి గుసగుస

వాకాడు దగ్గరి పట్టపుపాళెంలో మాల్యాద్రి గుసగుసలాడితే తాటితోపు అవతలికి వినబడుతుంది. అలల హోరు మీదుగా పడవ నుంచి ఒడ్డుకి కేకలు వేసి వేసి ముదిరిన గొంతు అది. పెద్దవల అతనిది, దాన్ని లాగే మనుషులకి పెద్దా అతనే.

నైలాను వలలు కొత్తగా వస్తున్న రోజులు. పక్క పాళెంలో ఒకాయన అలాంటి వల కొని, మాల్యాద్రి పడవకి చుక్కాని పట్టే చెంగయ్యని తన దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. చెంగయ్య లేకపోతే ఆ పడవ అలలు దాటదు. పడవ దాటకపోతే పెద్దవల చూరుకి వేలాడాల్సిందే. వెళ్తాడో ఉంటాడో చెంగయ్య తేల్చలేదు.

"మనిషిని పక్కకి పిల్చి, ఒక్కణ్ణే కూర్చోబెట్టుకోని, మనసులో ఏముందో అడగరాదా? పదిమందిలో అరిస్తే ఎవురు చెప్తారు?" అంది భార్య పేరమ్మ.

నిజమే అనిపించింది. మర్నాడు చెంగయ్యని పడవ చాటుకి తీసుకెళ్లాడు. తన మటుకు తాను గొంతు బాగా తగ్గించే మాట్లాడాడు. నైలాను దారం మూణ్ణాళ్ల ముచ్చటన్నాడు, పక్క పాళెంలో తాగే నీళ్లు కూడా ఉప్పేనన్నాడు, తాతల కాలం నాటి తన పడవ ఘనత చెప్పుకొచ్చాడు. చివరికి ఊపిరి తీసుకుని, "ఇప్పుడు చెప్పరా, నీకేం తక్కువ చేసినాను?" అన్నాడు.

చెంగయ్య నోరు తెరిచేలోగా, అవతల చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు, "ఏం తక్కువ చేయలేదులే మాల్యాద్రన్నా! ఆ చెంగయ్యన్నని గూడా రవ్వంత మాట్లాడనీ!" అని అరిచారు. చెంగయ్య తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మాల్యాద్రికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఊరంతటికీ వినబడేలా ఏకాంతం ఆడిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాడు.

పేరమ్మ ఈసారి సలహా ఇవ్వలేదు. తమలపాకులు, వక్క, పొగాకు కలిపి మొగుడి బుగ్గన కుక్కింది. "వాడు చెప్పడం అయ్యేదాకా ఉమ్మబాక," అంది.

చెంగయ్యని తెప్ప మీద ఎక్కించుకుని మాల్యాద్రి అలలు దాటాడు. అక్కడ సముద్రం కుదురుగా ఉంది. తెడ్డు ఆపి, చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. చెంగయ్య చాలాసేపు నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా మాల్యాద్రి నోటిదాకా వచ్చిన మాటలన్నీ తాంబూలంతో పాటు బుగ్గలోనే ఉండిపోయాయి.

"నైలానూ కాదు, ఏం కాదన్నా," అన్నాడు చెంగయ్య చివరికి. "మొన్న వల నీళ్లడుగున దుంగకి తగులుకోని చినిగినప్పుడు నన్ను గాడిదా అన్నావు. నా చిన్నప్పట్నుంచీ అంటానే ఉండావు, నేనేపొద్దూ పట్టించుకోలా. ఆ పొద్దు మాత్రం మా కొత్తల్లుడు ఒడ్డున తాడు పట్టుకోనుండాడు. అప్పట్నుంచీ వాడి పక్కన కూర్చోని అన్నం తినలేకపోతుండా."

మాల్యాద్రికి ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాంబూలం సముద్రంలో ఉమ్మేశాడు.

"తప్పు నాదేరా చెంగా," అన్నాడు, చెంగయ్య ఒక్కడికే వినబడాలని జాగ్రత్తపడుతూ. "దుంగ ఉందని నువ్వు చెప్తానే ఉండావు. ఆడనే వల వెయ్యమన్నది నేను. గాడిదని నేను!"

గాలి ఒడ్డు వైపు తోలుతోంది. ఒడ్డున తాడు చుడుతున్న అల్లుడు పని ఆపి లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు చేపల మీంచి తలలెత్తి చూశారు. చెంగయ్య అటు చూసి, కళ్లు తుడుచుకుని, తెడ్డు అందుకున్నాడు.

"ఇంకోసారి చెప్పన్నా," అన్నాడు. "ఇట్నే, మెల్లగా."