ఎడమ గట్టున రాతిదిబ్బ

పటంలో సముద్రం బోసిగా ఉంటే కొనేవాడు పెదవి విరుస్తాడు, అందుకే ఓ మూల తిమింగలం, ఇంకో మూల దిక్కుల చక్రం, వాటివల్ల ఎవరూ చావరు, చచ్చేది రాతిదిబ్బతోనే, అనుకుంది తాన్నెకె, ఆమ్‌స్టర్‌డామ్ కాలువ ఒడ్డున తన పటాల కొట్టు గుమ్మంలో నిలబడి, ఇందాక వచ్చి వెళ్లిన సరంగు హార్మెన్ గొంతు ఇంకా చెవిలోనే ఉంది, ఏమ్మా, జావా దారి జలసంధిలో దిబ్బ కుడి గట్టునుంటే మీ ఆయన ఎడమ గట్టున పెట్టాడే, తాగి చెక్కాడా ఏం, పగలు కాబట్టి నురగ కనబడి బతికాం, అని నవ్వాడు కూడా, నవ్వడానికి అతనికేం, ఒడ్డున పడ్డాడు.

లోపల మొగుడు లుబ్బెర్ట్ రాగిరేకును వెలుగుకి వంచి చూసి చల్లబడిపోయాడు, రేకు మీద అంతా అద్దంలోలా తిరగేసి చెక్కాలి, అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది, తీరమంతా తిరగేశాడు, తర్వాత తెలిసిన ఆ ఒక్క దిబ్బని మాత్రం తిరగేయడం మరిచి నమూనాలో ఉన్నట్టే చెక్కేశాడు, అచ్చులో అది అవతలి గట్టున పడింది, ఊరుకోవే, వెనకనుంచి సుత్తితో కొట్టి నునుపు చేస్తే మచ్చ కూడా మిగలదు, ఎవడికి తెలుస్తుంది, అన్నాడు, నిజమే, తెలియదు, కానీ తమ్ముడు వీబె అదే పటం చంకలో పెట్టుకుని మొన్ననే ఓడెక్కాడు, అక్కా, నీ సరుకు నమ్మి పోతున్నా, మునిగానంటే దెయ్యాన్నై వచ్చి నీ కొట్లోనే కూర్చుంటా, అని వెక్కిరించి మరీ.

ఓడ ఇంకా పోలేదు, సముద్రం మొగలో టెక్సెల్ రేవులో, బయటికి తోసే తూర్పుగాలి కోసం లంగరేసి ఉంది, ఇప్పుడే పడవ మాట్లాడుకుంటే అందుకోవచ్చు, అందుకుని ఏం చెప్పాలి, ఆ రేవులో ఒకడి చెవిలో ఊదితే ఓడలన్నిటికీ పాకుతుంది, ఆ తర్వాత ఈ కొట్టు మెట్టెక్కేదెవరు, పోనీ వీబె ఒక్కడికే చెబితే, మిగతా ఓడల్లోనూ అదే పటం, వాళ్లకి అక్కలుండరా, ఉంటారు, అయినా గాలి పడమరేగా, వ్యవధి ఉంది, పడవవాడు తిండికి పోయి ఉంటాడు, రానీ, ఈలోగా హెర్రింగు చేపలు కడిగి, బల్ల తుడిచి, తుడిచిన బల్లే మళ్లీ తుడిచి.

ఎదురింటి పొగ సముద్రం వైపు వాలింది, కాలువ నీళ్లు పడమరకి ముడతలు పడుతున్నాయి, తూర్పుగాలి, టెక్సెల్‌లో ఈపాటికి లంగర్లు లేస్తుంటాయి, ఇక ఏ పడవా అందుకోలేదు, లోపల సుత్తి టకటక మొదలైంది, గుండె గుభేలుమనాలి, అనలేదు, ఇక చెప్పక్కర్లేదని ముందు ఊపిరి తేలిగ్గా వదిలింది, ఆ తేలికలోనే తాన్నెకెకి తెలిసిపోయింది, ఇంతసేపూ తానూ ఆ ఓడల్లాగే తూర్పుగాలి కోసమే కాచుకుని ఉందని.